కళాశాలలో ఫిర్యాదు నడచు దారి

కొన్ని వారముల క్రిందట ఒక తల్లి వ్రాసిన ఉత్తరము మా కేంద్రమునకు వచ్చినది. ఊరి పేరుగాని, కళాశాల పేరుగాని ఇక్కడ చెప్పము. ఆమె కుమార్తె డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. పాఠము చెప్పు అధ్యాపకుడొకడు ఇంటర్నల్ మార్కుల నెపముతో ఆ పిల్లను ఒంటరిగా తన గదికి పిలుచుట, రాత్రి వేళ ఫోనుకు అనుచితమైన సందేశములు పంపుట, బదులు ఈయకున్న మార్కులు తన చేతిలో ఉన్నవని గుర్తు చేయుట జరుగుచున్నవట. ఆ పిల్ల రెండు నెలలకు పైగా ఎవ్వరికిని చెప్పక, అన్నము సరిగా తినక, చివరకొక రాత్రి తల్లి దగ్గర బయటపడినది. ఉత్తరము చివర ఆ తల్లి మాటలివి: "వాళ్ల నాన్నగారు కాలేజీ మాన్పించేద్దామంటున్నారు. మా పెద్దవాడు వెళ్లి ఆ మేష్టారిని నాలుగు తన్ని వస్తానంటున్నాడు. పిల్ల రెండూ వద్దంటోంది. కాలేజీలో ఎవరికి చెప్పుకోవాలో, చెప్పుకుంటే వాళ్లేం చేస్తారో మాకు తెలియదు. రేడియోలో చెప్పగలరా?"

తండ్రి మాటలోను, అన్న మాటలోను ఉన్నది ప్రేమయే. కాని చదువు మాన్పించినచో శిక్ష పడునది పిల్లకు. తన్ని వచ్చినచో ఆ పూటకు కసి తీరును గాని, మరునాడు పోలీసు స్టేషనులో నిలువవలసినవాడు అన్నగారు. ఈ రెండింటిలో ఏది జరిగినను ఆ అధ్యాపకుడు అదే గదిలో, అదే కుర్చీలో ఉండును. వచ్చే సంవత్సరము మరొక పిల్లను పిలుచును. ఆ విద్యార్థిని రెండును వద్దనుటలో ఎంతో వివేకమున్నది. ఆమె కోరునది మూడవ దారి. అట్టి దారి చట్టములో ఉన్నది. అది ఎట్టిదో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఈ దారి కళాశాలలలో పుట్టలేదు. రాజస్థానములోని భటేరీ గ్రామమున భన్వరీదేవి యను స్త్రీ ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకములో గ్రామ కార్యకర్తగా పనిచేయుచుండెను. 1992లో ఒక పసిపిల్ల వివాహమును ఆపుటకు ప్రయత్నించినందుకు ఆమె సామూహిక అత్యాచారమునకు గురి యయ్యెను. చేయుమన్న పనిని చేసినందుకు ఆమెకు ఈ ఆపద వచ్చినది. పని చెప్పిన వారికి మాత్రము ఏ బాధ్యతయు లేకపోయినది. అప్పుడు కొన్ని మహిళా సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లినవి. వానిలో ఒకదాని పేరు విశాఖ. కావున 1997 ఆగస్టు 13న వెలువడిన ఆ తీర్పునకు విశాఖ తీర్పు అను పేరు నిలిచినది. మన సముద్రపుటొడ్డు నగరమునకును దీనికిని సంబంధము లేదు. స్త్రీ గౌరవముతో పనిచేసికొనుట ఆమె ప్రాథమిక హక్కులలో భాగమని ఆ తీర్పు చెప్పినది. పార్లమెంటు చట్టము చేయు వరకు ప్రతి సంస్థయు ఫిర్యాదుల కమిటీ నొకదానిని ఏర్పరుపవలెనని, దానికి స్త్రీ అధ్యక్షురాలుగా ఉండవలెనని, సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలుండవలెనని, బయటి సంస్థనుండి ఒకరు రావలెనని ఆదేశించినది.

విశ్వవిద్యాలయములు కూడ పనిచేయు చోట్లే కనుక ఈ ఆదేశము వానికిని వర్తించినది. ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములో 1999లో ఎన్నికైన ప్రతినిధులు గల కమిటీ ఏర్పడి 2017 వరకు పనిచేసెను. కాని దేశమంతట ఇట్లు జరుగలేదు. పదునైదేండ్లు గడచినను తన ఆదేశములు సరిగా అమలు కాలేదని సుప్రీంకోర్టే 2012 అక్టోబరులో చెప్పవలసివచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఢిల్లీలో నడుచు బస్సులో ఒక విద్యార్థినిపై జరిగిన ఘోరము దేశమును కదలించివేసినది. 2013లో పని స్థలములలో స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణ చట్టము వచ్చి, ఆ యేడు డిసెంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. విద్యాసంస్థల పరిస్థితిని పరిశీలించుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము నియమించిన బృందము 'సక్షమ్' అను నివేదికను కూడ ఆ యేడే సమర్పించినది. ఆ తరువాత సంఘము నిబంధనలను తయారుచేసినది. 2015 నిబంధనలని పిలువబడునవి ఇవియే. 2016 మే 2న రాజపత్రములో ప్రకటింపబడినవి. డిగ్రీ కళాశాల మొదలు విశ్వవిద్యాలయము వరకు ఉన్నత విద్యాసంస్థల కన్నింటికిని ఇవి వర్తించును.

మొదటి ప్రశ్న: వేధింపు అనగా ఏమి? నిబంధనలలో ఆయువుపట్టు వంటి మాట ఒకటున్నది. అది 'ఇష్టము లేని' అను మాట. ఎదుటి వ్యక్తికి ఇష్టము లేకుండ లైంగికమైన అర్థముతో చేయు మాట, చేష్ట, స్పర్శ, చూపు చిత్రము, పంపు సందేశము, అన్నియు వేధింపులే. చేసినవాడు వేళాకోళ మనుకొన్నాడా, చనువనుకొన్నాడా అన్నది అంత ముఖ్యము కాదు. మాట వినినందుకు మార్కులు వేయుదుననుట వేధింపే. వినకున్న తప్పింతుననుట కూడ వేధింపే. ఇవి నోటితో చెప్పనక్కరలేదు, సూచించినను చాలును. తరగతిలో కూర్చుండుటకే భయమో, అవమానమో కలుగునట్టి వాతావరణమును కల్పించుటయు ఇందులోనికే వచ్చును.

ఎక్కడ జరిగినది అను ప్రశ్నకు కూడ జవాబు విశాలముగానే ఉన్నది. కళాశాల ప్రహరీ దాటినంత మాత్రమున కళాశాల బాధ్యత తీరదు. కళాశాల బస్సు, విహారయాత్ర, ఆటల పోటీలు, సాంస్కృతికోత్సవములు, శిక్షణకై పంపిన కర్మాగారము లేక కార్యాలయము కూడ కళాశాల ఆవరణతో సమానమే. వేధించినవాడు అధ్యాపకుడే కానక్కరలేదు. తోటి విద్యార్థి కావచ్చును, గుమాస్తా కావచ్చును, బయటినుండి వచ్చిన వ్యక్తి కావచ్చును. వేధింపునకు గురియగువారు ముఖ్యముగా స్త్రీలే యైనను, కొందరు మగపిల్లలకును, తృతీయ ప్రకృతికి చెందిన విద్యార్థులకును ఈ బాధ కలదని నిబంధనలు గుర్తించినవి. "మగపిల్లవాడికేమి" అని ఇంట్లో కొట్టివేయు మాట ఇకనైనను మానవలెను.

ఇక కమిటీ. దీనిని అంతర్గత ఫిర్యాదుల కమిటీ యందురు, విద్యార్థులు ఐ.సి.సి. అని పొడి అక్షరములతో పిలుతురు. దీనికి అధ్యక్షత వహించునది స్త్రీ. విశ్వవిద్యాలయమైనచో ప్రొఫెసరు స్థాయికి, కళాశాలయైనచో అసోసియేటు ప్రొఫెసరు స్థాయికి తగ్గకూడదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, స్వచ్ఛంద సంస్థనుండి గాని అట్టి విషయములు తెలిసినవారిలోనుండి గాని బయటి సభ్యులొకరు ఉందురు. వ్యవహారము విద్యార్థులకు సంబంధించినదైనచో ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడ కూర్చుందురు. వీరు ఎన్నిక ద్వారా రావలెను. మొత్తము సభ్యులలో సగమైనను స్త్రీలుండవలెను.

ఈ కూర్పులో ప్రతి స్థానమునకును ఒక కారణమున్నది. జూనియరు అధ్యాపకురాలిని అధ్యక్షురాలిగా కూర్చుండబెట్టినచో, సీనియరు అధ్యాపకుని ప్రశ్నించుటకు ఆమె నోరు పెగలకపోవచ్చును. అందుకే హోదా నియమము. లోపలివారే ఉన్నచో "మన కాలేజీ పేరు పోవును" అను భయము అందరినీ ఒక్కటి చేయును. అందుకే బయటి సభ్యులు. మరి యొక ముఖ్యమైన నియమము: వైస్‌ఛాన్సలరు, రిజిస్ట్రారు, డీను, శాఖాధిపతి వంటి పెద్ద పదవులలోనివారు ఈ కమిటీలో సభ్యులుగా ఉండకూడదు. సంస్థ ప్రతిష్ఠను కాపాడుట వారి పని. నిజమును కనుగొనుట కమిటీ పని. ఈ రెండు పనులును ఒకే చేతిలో ఉన్నచో రెండవది ఓడిపోవును.

ఫిర్యాదు వ్రాతపూర్వకముగా ఉండవలెను. దీనికి ప్రత్యేకమైన నమూనా గాని, న్యాయవాది భాష గాని అక్కరలేదు. ఏమి జరిగినది, ఎప్పుడు జరిగినది, ఎక్కడ జరిగినది, ఎవరు చూచినారు అనునవి తేటతెల్లముగా వ్రాసిన చాలును. వ్రాయలేని స్థితిలో నున్నవారికి కమిటీవారే సాయపడవలెను. బాధితురాలు శరీరస్థితి వలన గాని, మనఃస్థితి వలన గాని ఫిర్యాదు చేయలేనిచో బంధువులు, స్నేహితులు, తోటి విద్యార్థులు ఆమె తరఫున చేయవచ్చును.

కాని గడు వొకటి కలదు. సంఘటన జరిగిన మూడు నెలలలోపల ఫిర్యాదు చేయవలెను. వరుసగా జరుగుచున్నచో చివరి సంఘటననుండి మూడు నెలలు లెక్కింపవలెను. తగిన కారణమున్నదని తోచినచో కమిటీ మరి మూడు నెలల వరకు గడువును పెంచవచ్చును. ఉత్తరము వ్రాసిన తల్లికి మేము ప్రసారము వరకు ఆగక ఆ రోజుననే జవాబు వ్రాసితిమి. ఎందుకనగా అప్పటికే రెండు నెలలు దాటినవి. సిగ్గుతో కొన్ని వారములు, భయముతో కొన్ని వారములు, ఇంటిలో తర్జనభర్జనలతో కొన్ని వారములు గడచిపోవును. అంతలో గడువు వాకిట నిలుచును.

ఫిర్యాదు అందిన తరువాత దినముల లెక్క మొదలగును. ఏడు దినములలో దాని ప్రతిని ఆరోపణకు గురియైన వ్యక్తికి పంపవలెను. అతడు పది దినములలో తన సమాధానమును, పత్రములను, సాక్షుల పేర్లను ఈయవలెను. ఫిర్యాదు అందిన నాటినుండి తొంబది దినములలో విచారణ ముగియవలెను. తరువాత పది దినములలో కమిటీ తన నివేదికను సంస్థ పాలనాధికారికి సమర్పింపవలెను. ఉభయులకును ప్రతులు అందవలెను. అప్పీలు లేనిచో ముప్పది దినములలో అధికారి చర్య తీసికొనవలెను. కమిటీ సిఫారసును పాటింపదలచుకొననిచో ఎందుకో కారణములను వ్రాసి తెలుపవలెను. ఊరక అటకెక్కించుటకు వీలులేదు. నిర్ణయము నచ్చనివారు, ఏ పక్షమువారైనను, ముప్పది దినములలో అప్పీలు చేసికొనవచ్చును. మొత్తము కూడినచో నాలుగు నెలల పైచిలుకు. న్యాయము విద్యాసంవత్సరము ముగియకముందే అందవలెనని ఈ లెక్క యొక్క భావము. పట్టా పుచ్చుకొని వెళ్లిపోయిన పిల్లకు ఆ తరువాత అందు నివేదిక వలన ఏమి ప్రయోజనము?

అయితే ఈ నాలుగు నెలలు గడచుట ఎట్లు? ప్రతిరోజు అదే తరగతి, అదే అధ్యాపకుడు, అవే మార్కులు గదా! ఫిర్యాదు చేయవలెనా వద్దా యని పిల్లలు తటపటాయించునది ఇక్కడనే. దీనికి నిబంధనలలో మధ్యకాలపు రక్షణలున్నవి. ఆ అధ్యాపకుడు ఆ విద్యార్థిని పరీక్ష పత్రములను దిద్దకుండ, ఆమె పనికి విలువ కట్టకుండ ఆపవచ్చును. ఇద్దరిలో ఒకరిని మరొక సెక్షనుకో, శాఖకో మార్చవచ్చును. ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఈయవచ్చును. ఆ సెలవు వలన ఆమె హోదాకుగాని, రావలసిన ప్రయోజనములకుగాని లోటు రాకూడదు. ఆమెకు దూరముగా ఉండవలెనని ఆరోపితుని హెచ్చరింపవచ్చును. పగ సాధింపు జరుగకుండ చూచుట సంస్థ విధి. ఫిర్యాదుతో బాటు ఇట్టి రక్షణ ఏది కావలెనో అదియు వ్రాతలో కోరుట మంచిది.

రహస్యము మరొక రక్షణ. ఫిర్యాది పేరు, సాక్షుల పేర్లు, ఆరోపితుని పేరు కూడ బయట పెట్టకూడదు. ఈ నియమము అధ్యాపకుల గదికి వర్తించినట్లే మన వీధి అరుగులకును వర్తించినచో బాగుండును. పెండ్లి సంబంధములు చెడునేమో యని మనము ఒక ప్రక్క భయపడుదుము. మరొక ప్రక్క పొరుగింటివారి పిల్ల సంగతి నలుగురికిని చెప్పుదుము.

ఇప్పుడు మరొక పక్షమును గూర్చి చెప్పవలెను. ఫిర్యాదు అనగా తీర్పు కాదు. ఆరోపణ వచ్చిన ప్రతివాడును దోషి కాడు. అతనికి ఫిర్యాదు ప్రతి అందవలెను, సమాధానము చెప్పుకొను వ్యవధి ఉండవలెను, సాక్షులను తెచ్చుకొను అవకాశముండవలెను. ఇది ఆరోపితునిపై జాలితో పెట్టిన నియమ మనుకొనరాదు. ఫిర్యాదికి కూడ ఇది రక్షణయే. గోవా విశ్వవిద్యాలయమునకు సంబంధించిన ఒక వ్యవహారము ఇందుకు నిదర్శనము. 2009లో విద్యార్థినుల ఫిర్యాదులపై విచారణ జరిపి, ఒక అధ్యాపకుని ఉద్యోగమునుండి తొలగించినారు. విచారణను అతి త్వరగా ముగింపవలెనను తొందరలో అతనికి తగిన అవకాశ మీయలేదని 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దుచేసి, విచారణను మరల జరుపుమన్నది. ఆ తీర్పు చెప్పిన ఇరువురు న్యాయమూర్తులలో ఒకరు, అంతకు ముందు తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ. పదునాలుగేండ్ల తరువాత కథ మొదటికి వచ్చినది. కమిటీ తడబడినచో దాని మూల్యము ఉభయులును చెల్లింతురు. త్వరగా జరుగుట వేరు, హడావుడిగా జరుగుట వేరు.

"అబద్ధపు ఫిర్యాదులు రావా?" అని అడుగువారున్నారు. కావలెనని కల్పించి చేసిన ఫిర్యాదు అని తేలినచో శిక్ష కలదు. కాని ఋజువు చేయలేకపోయినంత మాత్రమున ఫిర్యాదు అబద్ధము కాదని నిబంధనలు స్పష్టముగా చెప్పుచున్నవి. దురుద్దేశము ఉన్నదని విచారణ లేకుండ తేల్చుటకు వీలులేదు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షు లెక్కడనుండి వత్తురు? కావుననే ఇది క్రిమినలు కోర్టు వంటి విచారణ కాదు. అక్కడ నేరము సందేహమునకు తావు లేకుండ నిరూపింపబడవలెను. ఇక్కడ ఇరుపక్షముల మాటలను, సందేశములను, పరిస్థితులను తక్కెడలో వేసి, ఏది జరిగియుండుటకు ఎక్కువ అవకాశమున్నదో చూతురు. 2013 చట్టము క్రింద చేసిన నియమముల ప్రకారము కమిటీ ముందు న్యాయవాదులు వాదింపరాదు.

మన ఊళ్లలో రాజీ యనునది పాత ఆచారము. పెద్దమనుషులు కూర్చుండి, ఇంత సొమ్ము ఇప్పించి, కాగితముపై సంతకములు చేయింతురు. నిబంధనలు రాజీకి తలుపు మూయలేదు గాని, దానికి రెండు గడియలు పెట్టినవి. రాజీ కోరవలసినది ఫిర్యాదియే గాని, కళాశాల కాదు, ప్రిన్సిపాలు కాదు, పెద్దమనుషులు కాదు. రెండవది, సొమ్ము ఆధారముగా రాజీ జరుగకూడదు. "చేసినది తప్పు, ఇక చేయను" అని ఒప్పుకొనుట తనకు చాలునని ఆమె తనంతట తాను అనుకొన్నచో అది వేరు మాట. ఆమె నోరు మూయించుటకు చేయునది మాత్రము రాజీ కాదు.

నేరము తేలినచో శిక్షలు పలు విధములు. ఉద్యోగియైనచో అతని సేవా నియమముల ప్రకారము చర్య. విద్యార్థియైనచో గ్రంథాలయము, వసతిగృహము, ఉపకారవేతనము వంటి సౌకర్యములను ఆపుట, కొంతకాలము ఆవరణలోనికి రానీయకుండుట, తీవ్రమైనదైనచో పేరు కొట్టివేయుట. తప్పు చిన్నదైనచో కౌన్సెలింగు, సమాజసేవ వంటి సంస్కరణ మార్గములును కలవు. బాధితురాలికి నష్టపరిహారము ఇప్పించుటకు కూడ అవకాశమున్నది.

కళాశాలలో ఫిర్యాదు చేసినంత మాత్రమున పోలీసుల దారి మూసికొనిపోదు. 2024 జులై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షను లైంగిక వేధింపును, 78వ సెక్షను వెంటబడి వేధించుటను నేరములుగా చెప్పుచున్నవి. ఫిర్యాది పోలీసులకు చెప్పదలచినచో కమిటీ ఆమెకు సాయపడవలెను. ఇక్కడ ఇంటర్మీడియెటు చదువు పిల్లల తల్లిదండ్రులు ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. మనము జూనియరు కాలేజీని కూడ కాలేజీ యనియే పిలుతుము. కాని విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నిబంధనలు దానికి వర్తింపవు. అచ్చటి పిల్లలలో అనేకులు పదునెనిమిది సంవత్సరములు నిండనివారు. వారి విషయములో 2012 నాటి పోక్సో చట్టము వర్తించును. అట్టి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపుట విధి. తెలిసియు దాచిన సంస్థాధిపతికి శిక్ష కలదు. 1098 అను పిల్లల సహాయ సంఖ్య, 181 అను స్త్రీల సహాయ సంఖ్య ఉండనే ఉన్నవి. తెలంగాణములో 2014 అక్టోబరు నుండి పోలీసుల షీ టీములు పనిచేయుచున్నవి.

వేధింపునకు చుట్టమైన మరొక అన్యాయము వివక్ష. ఇది చాలసార్లు ప్రేమ వేషములో వచ్చును. మగపిల్లల హాస్టలు తలుపులు రాత్రి చాల సేపటివరకు తెరచియుండును. ఆడపిల్లల హాస్టలుకు సాయంకాలమే తాళము పడును. గ్రంథాలయము రాత్రి పది వరకు ఉన్నదనుకొనుడు. చదువుకొను పోటీలో ఆ పిల్లలు ప్రతిరోజు కొన్ని గంటలు వెనుకబడినట్లే గదా! భద్రత పేరు చెప్పి, మగపిల్లలకు లేని ఆంక్షలను ఆడపిల్లల వసతిగృహములలో పెట్టరాదని 2015 నిబంధనలే చెప్పుచున్నవి. కేరళలో ఒక కళాశాల విద్యార్థినుల హాస్టలులో సాయంకాలము ఫోనులు అప్పగింపవలెనని నియమము పెట్టినారు; అప్పగింపనన్న విద్యార్థినిని హాస్టలునుండి పంపివేసినారు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆ విద్యార్థినిని తిరిగి చేర్చుకొనుమని తీర్పు చెప్పినది. దీపములు పెట్టించుట, కావలివారిని నియమించుట, బస్సులు నడుపుట భద్రత. పిల్లను తాళము వేసి లోపల ఉంచుట భద్రత కాదు. అది సంస్థ తన పనిని తప్పించుకొను సులభోపాయము.

కాగితముపై ఇన్ని ఏర్పాట్లున్నవి. అవి కాగితము దిగి రావలెననిన ఏమి చేయవలెను? కమిటీని ఏర్పరుపని సంస్థలకు నిధులను ఆపుట, గుర్తింపు జాబితానుండి తీసివేయుట, అనుబంధమును ఉపసంహరింపుమని సిఫారసు చేయుట మొదలగు అధికారములు నిధుల సంఘమునకున్నవి. 2023 నాటి తీర్పులోనే సుప్రీంకోర్టు ఇట్టి కమిటీలు నిజముగా ఏర్పడినవో లేదో సరిచూడుమని ప్రభుత్వములను ఆదేశించినది. కమిటీ సభ్యుల వివరములను, ఫిర్యాదు చేయు విధానమును అందరికి కనబడు చోట ప్రకటింపవలెనని నిబంధన. హైదరాబాదులోని జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము స్త్రీ పురుష సమానత్వమును పాఠ్యాంశముగా ప్రవేశపెట్టగా, తెలుగు అకాడమి 2015లో అందుకై రెండు భాషలలో పాఠ్యపుస్తకమును ప్రచురించినది. వేధింపునకు విరుగుడు శిక్షలో కంటె శిక్షణలోనే ఎక్కువగా ఉన్నదని గ్రహించి చేసిన పని యిది.

కాని మిగిలిన సగము ఇండ్లలో జరుగవలెను. కళాశాలలో చేర్పించునాడు మనము ఫీజు అడుగుదుము, మెస్సులో భోజనము చూతుము, బస్సు ఎన్ని గంటలకు వచ్చునో తెలిసికొందుము. ఆనాడే మరొక ప్రశ్న అడుగవలెను: "మీ ఫిర్యాదుల కమిటీలో ఎవరెవరున్నారు? పేర్ల బోర్డు ఎక్కడున్నది?" అడుగువారు పదిమంది యైనచో బోర్డు దానంతటదే వెలయును. పిల్ల వచ్చి చెప్పుకొన్ననాడు "నువ్వెందుకు వెళ్లావు, నువ్వేం మాట్లాడావు" అని మనమే విచారణ జరుపరాదు. విచారణకు కమిటీ ఉన్నది. ముందు ఆమెకు అన్నము పెట్టి, చెప్పినంత మేరకు వినవలెను. ఫోనులోని సందేశములను కోపముతో చెరిపివేయరాదు, అవియే సాక్ష్యము. తేదీలను ఒక కాగితముపై వ్రాయించవలెను. ఫిర్యాదు ఇచ్చిన తరువాత అందినట్లు సంతకము తీసికొని, ఒక ప్రతిని ఇంటిలో దాచుకొనవలెను. ఏ అడుగైనను ఆమెతో ఆలోచించి, ఆమె ఇష్టముతోనే వేయవలెను. ఇష్టము లేనిది తనపై జరిగినదనుటయే ఆమె బాధ; ఇంటివారు కూడ ఆమె ఇష్టము నడుగక నడచినచో ఆమెకు మిగులునదేమి?

ఆ తల్లికి మేము వ్రాసిన జవాబులో ఇవన్నియు క్లుప్తముగా చెప్పితిమి. తండ్రిగారికి ప్రత్యేకముగా ఒక మాట వ్రాసితిమి: "అమ్మాయిని రేపు కూడ కాలేజీకి పంపండి. అవసరమైతే మీరే వెంట వెళ్లి, గేటు దగ్గర దింపి రండి. చదువు మానవలసినది ఆమె కాదు." అన్నగారికి కూడ ఒక పని అప్పగించితిమి. ఫిర్యాదును తేటగా ప్రతి తీసి, తేదీలు సరిచూచి, చెల్లెలితో కలిసి వెళ్లి ఇచ్చి రమ్మంటిమి. ఆ చేతులకు అంతకంటె మంచి పని వేరొకటి లేదు.